సొంతింట్లో మొదటి వానాకాలం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం కొత్తగా సొంతింట్లో చేరినవాళ్లవి, చేరబోతున్నవాళ్లవి. మొదటి ఉత్తరంలో ఉన్న ఇబ్బంది మన జిల్లాల్లో చాలా ఇళ్లల్లో ఉన్నదే. అందుకని దానికి జవాబు పొడుగ్గానే రాశాను.

ప్రశ్న: మేం నెల్లూరు వేదాయపాళెం వైపు ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తులో ఫ్లాట్ కొన్నాం. మా ఆయన కృష్ణపట్నం వైపు ఒక కంపెనీలో పనిచేస్తారు, నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, పాపకు నాలుగేళ్లు. బిల్డర్ చెప్పిన తేదీకి ఇల్లు పూర్తి కాలేదు. శ్రావణంలో పెట్టిన ముహూర్తం తప్పకూడదని, టైల్స్ కూడా పూర్తిగా పడని ఇంట్లో పాలు పొంగించి, వ్రతం చేసుకుని, మళ్లీ అద్దింటికే వెళ్లిపోయాం. అద్దె, ఈఎంఐ రెండూ కట్టలేక దసరాకు సామాన్లు తెచ్చేసుకున్నాం. లిఫ్ట్ అప్పటికింకా పనిచేయడం లేదు, బీరువా మెట్ల మీద ఎక్కిస్తుంటే అద్దం పగిలింది, అత్తమ్మ అప్పుడే అపశకునం అన్నారు. వానలు మొదలవగానే పాప పడుకునే గదిలో, బాత్రూమ్ వైపు గోడ నడుమెత్తు దాకా చెమ్మెక్కింది. పెయింటు పొరలుగా ఊడుతోంది, తెల్లగా ఉప్పు పూస్తోంది. బాత్రూమ్ పైకప్పు మీద కూడా మరక ఉంది. పాపకు దగ్గు, రాత్రిళ్లు పిల్లికూతలు. బిల్డర్‌కు ఫోన్ చేస్తే "రేపు మనిషిని పంపిస్తానమ్మా" అంటారు. ఒకసారి పంపితే పుట్టీ పెట్టి రంగేసి పోయారు, వారం తిరక్కుండా మళ్లీ ఊడింది. ఇప్పుడు ఫోనే ఎత్తడం లేదు. వాళ్ల ఆఫీసులో అడిగితే వారంటీ ఏడాదే అన్నారు. ఓసీ (ఇంట్లో ఉండొచ్చని మునిసిపాలిటీ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) కూడా ఇంకా రాలేదట. "ఏందమ్మా, ఈ ఇంట్లో కాలు పెట్టిన కాడ్నుంచి బిడ్డకు బాగుండట్లేదు, అమ్మేయండి" అంటున్నారు అత్తమ్మ. రొట్టెల పండుగలో మా కోసం సొంతింటి రొట్టె పట్టుకున్నది ఆమే. ఇలాంటి ఇంటికి ఆ రొట్టె తిరిగి ఇవ్వాలా వద్దా అని ఇప్పుడు ఆమెకే సందేహం. మా ఆయన ఇంటి మాటెత్తితే లేచి బయటికి వెళ్లిపోతున్నారు. చేతిలో మిగిలింది లక్షన్నర, దాంతో హాల్లో ఫాల్స్ సీలింగ్, కబోర్డులు చేయిద్దామనుకున్నాం. ఇల్లు అమ్మేయాలా, లేక అద్దెకిచ్చి మేం మళ్లీ అద్దింటికి పోవాలా?
– ఒక పాఠకురాలు, వేదాయపాళెం

జవాబు: అమ్మొద్దమ్మా, అద్దెకూ ఇవ్వొద్దు. చెమ్మ కనిపిస్తూ, ఓసీ లేని ఫ్లాట్‌ను ఈ వానల్లో చూడ్డానికి వచ్చేవాడు సగం ధర చెబుతాడు. రిజిస్ట్రేషన్‌కు మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం, మొత్తం ఏడున్నర శాతం మీరు ఇప్పటికే కట్టేశారు, అందులో ఒక్క రూపాయి తిరిగి రాదు. అద్దెకిచ్చినా గోడలో తడి గోడలోనే ఉంటుంది, వచ్చిన కుటుంబంలోనూ ఒక బిడ్డ ఉంటుంది. మీ ఇంటికి పట్టింది నీటి జబ్బు. నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో కనుక్కుంటే కుదిరే జబ్బు ఇది, పైగా కుదర్చాల్సిన బాధ్యత చట్టప్రకారం బిల్డర్‌ది.

అన్నిటికంటే ముందు పాప. ఈ రాత్రి నుంచే మంచం ఆ గదిలోంచి తీసేయండి. హాల్లో వేసుకున్నా పర్లేదు. పిల్లికూతలంటున్నారు కాబట్టి మెడికల్ షాపు దగ్గర సిరప్‌తో సరిపెట్టకుండా పిల్లల డాక్టర్‌కు చూపించి, గోడకు చెమ్మ, బూజు ఉన్నాయని మీ నోటితో చెప్పండి, ఆ సంగతి తెలిస్తే డాక్టర్ ఆలోచించే తీరు మారుతుంది. ఇంట్లో దోమల కాయిల్, అగరుబత్తి పొగ కొన్నాళ్లు ఆపండి. వాన తెరిపిచ్చినప్పుడల్లా కిటికీలు తెరవండి. బీరువా గానీ మంచం గానీ ఆ గోడకు ఆనించొద్దు, వెనక గాలి ఆడకపోతే బూజు రెట్టింపవుతుంది. ఇంకొకటి, ఆ గోడలో స్విచ్ బోర్డు ఉంటే తడి ఆరేదాకా వాడకండి. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో చూపించి, మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో అడగండి. మనిషి ఒంట్లోంచి కరెంటు లీకయితే క్షణంలోపే సరఫరా కట్ చేసేది అదే. గోడ తడిగా, బాత్రూమ్‌లో గీజరుతో ఉన్న ఇంట్లో అది లేకుండా ఒక్కరోజు కూడా ఉండకూడదు. మీ లక్షన్నరలో మొదటి ఖర్చు దానికే పెట్టండి.

ఇక గోడ. పుట్టీ, రంగు ఎందుకు నిలవలేదంటే, నీళ్లు గోడ లోపలి నుంచి వస్తున్నాయి. ఇటుకలో, ఇసకలో, సిమెంటులో ఉండే లవణాలను కరిగించుకుని నీళ్లు పైకి వచ్చి, గోడ బయట ఆరిపోయి, ఉప్పును అక్కడే వదిలేస్తాయి. ఆ ఉప్పు గట్టిపడుతూ పెరుగుతూ రంగును పొరలుగా తోసేస్తుంది. మీరు చూస్తున్న తెల్లటిది అదే. కాబట్టి నీటి దారి మూయకుండా పైన ఎంత ఖరీదైన రంగేసినా వారానికో నెలకో ఊడాల్సిందే. ఆ ఉప్పును నీళ్లతో కడగొద్దు, మళ్లీ కరిగి లోపలికే పోతుంది, పొడి బ్రష్షుతో దులిపేయండి.

నీళ్లు వచ్చే దారులు మామూలుగా మూడు: బాత్రూమ్‌కు నీళ్లు తెచ్చే పైపు, వాడిన నీళ్లు పోయే పైపు లేదా టైల్స్ కింద వాటర్‌ప్రూఫింగ్, బయటి గోడ మీద పడే వాన. ఏదో తేల్చుకోవడం అంత కష్టం కాదు. ఒక శనివారం రాత్రి బాత్రూమ్ లైను వాల్వు కట్టేసి రెండు రోజులు అది వాడకుండా ఉండండి (ఇంకో బాత్రూమ్ ఉంటే అది వాడుకోండి). వాల్వు కట్టినందుకు తడి తగ్గి, తెరవగానే ఎవరూ స్నానం చేయకపోయినా మళ్లీ పెరిగితే సరఫరా పైపు. స్నానాలు మొదలుపెట్టాకే పెరిగితే డ్రైనేజీ పైపో, టైల్స్ కిందో. బాత్రూమ్ వాడినా వాడకపోయినా తేడా లేక, వాన పడిన మర్నాడు మాత్రం పెరిగితే బయటి గోడ. పైకప్పు మరక సంగతి వేరు, అది పై ఫ్లాట్‌వాళ్ల బాత్రూమ్. వాళ్ల మీదికి గొడవకు పోకండి, వాళ్లకూ తెలిసి ఉండదు. నెమ్మదిగా అడిగి, వాళ్ల బాత్రూమ్‌లో నహానీ ట్రాప్ (నేలలో నీళ్లు పోయే జాలీ) మూసి, అంగుళం ఎత్తున నీళ్లు నిలబెట్టి, అందులో బట్టలకు పెట్టే నీలం కలిపి ఒకరోజు ఉంచమనండి. కింద మీ మరక నీలం తిరిగితే ఇక వాదన అక్కర్లేదు. ఇలా చూసినవన్నీ తేదీ వేసి రాసుకోండి, ఫోటోలు, వీడియోలు తీయండి. మన నెల్లూరుకు వానలు ప్రధానంగా ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే కదా, గోడ నిజం చెప్పేది ఈ మూడు నెలలే. జనవరి వచ్చిందంటే ఆరిపోతుంది, "ఏదమ్మా తడి, ఎక్కడా లేదే" అంటారు. సాక్ష్యం ఇప్పుడే పట్టుకోవాలి. పగలగొట్టి చేసే రిపేరు మాత్రం సంక్రాంతి తర్వాత, గోడలు ఆరాక.

మీ ఉత్తరంలో నాకు బాధ కలిగించింది ఆ ఏడాది వారంటీ మాట. బిల్డర్ ఆఫీసులో ఎవరో నోటితో అన్న మాట మీద మీరు ఆశ వదిలేసుకున్నారు. 2016లో వచ్చిన రెరా చట్టం, అంటే స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం 14వ సెక్షన్ ఏం చెబుతుందంటే, ఇల్లు మీ చేతికి అప్పగించిన తేదీ నుంచి 5 ఏళ్లలోపు నిర్మాణంలో గానీ, పనితనంలో గానీ, నాణ్యతలో గానీ లోపం కనిపించి మీరు తెలియజేస్తే, 30 రోజుల్లో ఒక్క రూపాయి తీసుకోకుండా బాగుచేయాల్సింది ప్రమోటరే, అంటే బిల్డరే, చేయకపోతే మీకు నష్టపరిహారం అడిగే హక్కుంది. ఏడాది కాదమ్మా, అయిదేళ్లు. ఏడాదే అని అగ్రిమెంటులో రాసి ఉన్నా భయపడొద్దు, చట్టం ఇచ్చిన గడువును అగ్రిమెంటు తగ్గించలేదు.

కానీ మీరు తెలియజేసినట్టు రుజువు ఉండాలి. మీరు ఇన్నాళ్లూ చేసింది ఫోన్లు. ఫోన్లో "పంపిస్తానమ్మా" అన్నది గాలికి పోయింది. ఇక మీదట ఫోన్ మానేసి కాగితం పట్టండి. ఫ్లాట్ నంబరు, సేల్ డీడ్ తేదీ, తాళాలు ఇచ్చిన తేదీ, ఏ గోడ, ఎప్పటి నుంచి, ఒకసారి పుట్టీ పెట్టి పోయిన సంగతి, ఫోటోలు, చివర "రెరా చట్టం సెక్షన్ 14 ప్రకారం 30 రోజుల్లో బాగుచేయవలసిందిగా కోరుతున్నాం" అన్న ఒక్క వాక్యం. ఇంతే రాయాలి, తిట్లు వద్దు, శాపనార్థాలు వద్దు. స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా పంపి, అదే ఉత్తరం వాట్సాప్‌లో, ఈమెయిల్‌లో కూడా పెట్టండి. లైసెన్సున్న సివిల్ ఇంజనీరును ఒకర్ని పిలిచి చూపించి, ఆయన కనుక్కున్నది ఒక పేజీలో సంతకంతో రాయించుకుంటే ఆ ఉత్తరానికి బలం వస్తుంది. ఈ లోగా మీరు సొంతంగా టైల్స్ పగలగొట్టించొద్దు, తర్వాత "మీరు పగలగొట్టాకే లీకయింది" అంటారు.

30 రోజులు దాటినా కదలకపోతే రెరా అథారిటీకి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ముందుగా ఏపీ రెరా వెబ్‌సైట్‌లో మీ ప్రాజెక్టు పేరు ఉందో లేదో వెతకండి. స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది మించకపోయినా ప్రాజెక్టుకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, అలాంటి చిన్న బిల్డింగుల వాళ్లు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడం తేలిక. అక్కడ లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. కాకపోతే రెండేళ్లలోపు వెళ్లాలి. వెళ్లేముందు సలహా కావాలంటే 1915కు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ వాళ్లు చెబుతారు. ఆలస్యం సంగతి కూడా వదలొద్దు. అగ్రిమెంటులో రాసిన తేదీకి ఇల్లు ఇవ్వకపోతే, ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ అడిగే హక్కు అదే చట్టం 18వ సెక్షన్‌లో ఉంది. రెండు చోట్లా డబ్బు కట్టి మీరు పడ్డ కష్టం ఊరికే పోనక్కర్లేదు.

ఓసీ తెచ్చివ్వాల్సింది కూడా బిల్డరే. వచ్చిందా, దరఖాస్తయినా పెట్టారా, ఎందుకు ఆగింది అన్నది మునిసిపల్ కార్పొరేషన్‌ను సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో అడగొచ్చు, 30 రోజుల్లో చెప్పాలి. ఓసీ, లిఫ్ట్ లాంటివి మీ ఒక్కరి పోరు కాదు, పై ఫ్లాట్‌వాళ్లు, కింది ఫ్లాట్‌వాళ్లు అందరూ కలిసి ఒకే ఉత్తరం మీద సంతకాలు పెట్టండి. ఒక ఫ్లాట్‌వాళ్లు రాస్తే పక్కన పడేస్తారు, పదిహేను సంతకాలుంటే కూర్చోబెట్టి మాట్లాడతారు. నీలం నీళ్ల పరీక్షకు పై వాళ్లను అడగడానికి వెళ్లినప్పుడే ఈ మాట కూడా కదపండి, అసోసియేషన్ అనేది అలాగే మొదలవుతుంది.

అత్తమ్మ మాట కొట్టిపారేయకండి. ఆమె చెప్పేదాంట్లో ముఖ్యమైన ముక్క నిజమే, ఈ ఇంటికి వచ్చాకే బిడ్డకు బాగుండటం లేదు. ఆమె దాన్ని అపశకునం అంటున్నారు, నేను చెమ్మ అంటున్నాను, ఇద్దరం చూస్తున్నది అదే గోడను. గోడ ఆరనివ్వండి, పాప దగ్గు తగ్గనివ్వండి, అప్పటికీ ఆమె మనసులో వాస్తు సందేహం ఉంటే శాంతి చేయించుకోండి, అందులో తప్పేముంది. రొట్టె మాత్రం ఇవ్వమనండి. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టె పట్టుకున్నవాళ్లు కోరిక తీరాక తెచ్చి ఇంకొకరికి ఇస్తారు, మీ కోరిక తీరింది, మీ పేర సేల్ డీడ్ ఉంది. మొహర్రం నాటికి గోడ కూడా ఆరి ఉంటుంది. అత్తమ్మ చేతుల మీదుగానే ఇప్పించండి, సొంతిల్లు కోసం ఎదురుచూస్తూ నీళ్లలో నిలబడ్డ ఇంకో తల్లికి అది అందుతుంది. ఆమె మనసు కుదుటపడాలంటే నా మాటల కంటే అది బాగా పనిచేస్తుందని నా నమ్మకం.

మీ ఆయన లేచి వెళ్లిపోవడం గురించి ఒక్కమాట. ఇల్లు కొనాలన్నది ఎక్కువగా ఆయన పట్టుదల అయి ఉంటే, మీరు గోడ గురించి చెప్పే ప్రతి మాటా "నువ్వు కొన్న ఇల్లు చూడు" అన్నట్టు ఆయన చెవికి వినిపిస్తుంది. రోజూ ఆ మాట ఎత్తకండి. వారానికి ఒక రోజు, ఆదివారం పొద్దున టిఫిన్లు అయ్యాక ఒక గంట, ఇంటి సంగతులు ఆ గంటలోనే. ఉత్తరం రాసేది మీరు (టీచరు కదా, రాత బాగుంటుంది), పోస్టు చేసేది, ఇంజనీరును పట్టుకొచ్చేది ఆయన. చేయడానికి పని దొరికితే ఆయన వెళ్లిపోవడం తగ్గుతుంది.

ఫాల్స్ సీలింగ్ ఈ ఏడాది వద్దే వద్దు. పైనుంచి కారే ఇంట్లో సీలింగ్ వేస్తే కారడం కనిపించకుండా దాచడమే అవుతుంది. కబోర్డులు గోడలు పూర్తిగా ఆరాక, వచ్చే ఎండాకాలంలో చూసుకోండి. ప్లైవుడ్డు తడి గోడకు తగిలితే మొదట పాడయ్యేది అదే. ఈలోగా బట్టలు సూట్‌కేసుల్లో ఉంటే ఉండనివ్వండి.

ప్రశ్న: ఒంగోలులో 42 లక్షలకు ఫ్లాట్ మాట్లాడుకున్నాం. మార్గశిరంలో గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించాం. మిగిలిన 3 లక్షలు, దానితోపాటు 5 శాతం జీఎస్టీ కట్టి, అప్పగింత కాగితం మీద సంతకం చేస్తేనే తాళాలిస్తానంటున్నారు బిల్డర్. బంధువులకు పిలుపులు అయిపోయాయి. ఏం చేయాలో తోచడం లేదు.
– ఇద్దరు పిల్లల తండ్రి, ఒంగోలు

జవాబు: పాలు పొంగించడం వేరు, అప్పగింత సంతకం వేరు. ముహూర్తానికి తాళం తీసుకుని పూజ చేసుకోవడానికి ఏ సంతకమూ అక్కర్లేదు, ఆ ఒక్కరోజుకు తాళం ఇవ్వమని పెద్దమనిషిని పెట్టి అడిగించండి, అమ్మిన ఇంట్లో ఆవూ దూడా అడుగుపెడతాయంటే కాదనేవాళ్లు తక్కువ. అప్పగింత కాగితంలో సాధారణంగా "అన్నీ చూసుకుని తృప్తిగా తీసుకున్నాం" అని ఉంటుంది. ఆ వాక్యం మీదే రేపు గొడవంతా నడుస్తుంది. ముహూర్తం ముందు రోజే, పగటి వెలుతురులో, ఒక బకెట్టు, ఫోన్ చార్జరు, రూపాయి బిళ్ల పట్టుకుని వెళ్లండి. ప్రతి ప్లగ్‌లో చార్జరు పెట్టి చూడండి. బిళ్లతో టైల్స్ తట్టండి, డొల్లగా మోగినవి కింద సిమెంటు పట్టనివి. బాత్రూమ్‌లో ఒక చెంబు నీళ్లు పోస్తే ట్రాప్ వైపు పరుగెత్తాలి, మూలకు పోయి నిలబడితే స్లోపు తప్పు. ఇంకా నమ్మకం కుదరకపోతే ట్రాప్ మూసి ఒకరోజు నీళ్లు నిలబెట్టి, కింది ఫ్లాట్ పైకప్పు చూడండి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ వేశామని వంటింట్లో చూపిస్తారు, రాయి మంచిదే, సింకుకూ రాయికీ మధ్య అతుకు ఎలా ఉందో చూడండి. నీళ్లు ఎక్కడివో కూడా అడగండి, బోరు నీళ్లయితే ఒక గుక్క నోట్లో పోసుకుంటే ఉప్పు సంగతి అప్పుడే తెలుస్తుంది. దొరికిన లోపాలన్నీ అప్పగింత కాగితం మీదే, మీ సంతకం పైన, మీ చేత్తో రాయండి. అలా రాయనివ్వకపోతే సంతకం ఆపండి. మొత్తం 3 లక్షలూ కాకపోయినా లోపాలకు తగినంత చేతిలో ఉంచుకుని మిగతాది కట్టడానికి మాట్లాడుకోండి, చివరి పైసా అందాక బిల్డర్‌కు మీతో తొందరేమీ ఉండదు.

జీఎస్టీ 5 శాతం అని తలూపేయకండి. 2019 ఏప్రిల్ నుంచి ఉన్న నియమం ప్రకారం, మన ఒంగోలు లాంటి మెట్రో కాని ఊళ్లలో కార్పెట్ ఏరియా 90 చదరపు మీటర్లు, అంటే సుమారు 968 చదరపు అడుగులు దాటకుండా, మొత్తం ధర 45 లక్షలు దాటకుండా ఉన్న ఇంటికి 1 శాతమే. ధరలో పార్కింగ్ లాంటివి కూడా కలిపి లెక్కేయాలి. 42 లక్షలకు 5 శాతమంటే 2 లక్షల 10 వేలు, 1 శాతమంటే 42 వేలు. బిల్డింగుకు కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చాక కొనే ఫ్లాటయితే అసలు జీఎస్టీయే ఉండదు. కార్పెట్ ఏరియా ఎంతో అగ్రిమెంటులో చూసుకోండి, బ్రోచర్‌లో రాసే పెద్ద అంకె కాదు, గోడల లోపల మీరు నడిచే కొలత. ఆ అంకె పట్టుకుని, జీఎస్టీ ఏ లెక్కన వేశారో రాతపూర్వకంగా ఇవ్వమనండి.

ప్రశ్న: కోవూరు దగ్గర సొంతిల్లు కొన్నాం, వచ్చే నెల చేరుతున్నాం. చుట్టాలంతా 2021 వరద గుర్తుచేసి భయపెడుతున్నారు. బ్యాంకువాళ్లు లోనుతో పాటు ఇన్సూరెన్స్ కూడా చేయించారు, అది చాలుతుందా?
– కొత్త ఇంటి యజమాని, కోవూరు మండలం

జవాబు: చుట్టాలు భయపెట్టడం లేదు, గుర్తుచేస్తున్నారు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు మీ వైపు జాతీయ రహదారే తెగింది. చేరకముందే ఇరుగుపొరుగు పాతవాళ్లను అడిగి, ఆ రోజు నీళ్లు ఎంత ఎత్తుకొచ్చాయో మీ గోడ మీద సుద్దతో గీత గీయించుకోండి. మోటారు స్టార్టరు, ఇన్వర్టరు బ్యాటరీ, కింది ప్లగ్గులు ఆ గీతకు పైకి మార్చండి, చేరకముందయితే గోడ చెక్కడం తేలిక.

ఇన్సూరెన్స్ కాగితం తీసి చదవండి. హోమ్ లోనుతో కట్టించేది చాలాసార్లు అప్పు తీసుకున్న మనిషి ప్రాణానికి, ఇంటికి కాదు. ఇల్లు కొట్టుకుపోతే అది పనికిరాదు. ఇంటికి వేరేగా భారత్ గృహ రక్ష అనే పాలసీ ఉంది, 2021 ఏప్రిల్ నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ ఒకే నిబంధనలతో ఇస్తున్నాయి. వరద, తుపాను అందులో ఉన్నాయి. ఇంటికి బీమా చేస్తే ఆ మొత్తంలో 20 శాతం దాకా, 10 లక్షలు మించకుండా, ఇంట్లో సామాన్లకు కూడా దానంతటదే రక్షణ వస్తుంది. బీమా ఇల్లు కట్టడానికయ్యే ఖర్చుకే చేయించాలి, స్థలం ఖరీదు కలపొద్దు, స్థలం ఎక్కడికీ పోదు. వానాకాలం నడుస్తోంది, చేరేరోజు దాకా ఆగకుండా ఈ వారమే చేయించండి.

ప్రశ్న: కావలిలో ఇల్లు కొని ఆరు నెలలైంది. లోను 30 లక్షలు, 20 ఏళ్లు, వడ్డీ 8.5 శాతం. బోనస్ లక్ష వచ్చింది. మా ఆవిడ మాడ్యులర్ కిచెన్ అంటోంది, నేను లోనుకు కట్టేద్దామంటున్నాను. ఎవరిది సరైనది?
– ఒక ఉద్యోగి, కావలి

జవాబు: ముందు ఒకటి అడుగుతాను, ఉద్యోగం పోతే మూడు నాలుగు నెలల ఈఎంఐకి, ఇంటి ఖర్చుకు సరిపడా డబ్బు విడిగా ఉందా? లేకపోతే ఇద్దరి మాటా పక్కనపెట్టి ఆ లక్షను బ్యాంకులో వేయండి. ఇల్లు కొన్న మొదటి ఏడాదిలో సంసారం బిగుసుకుపోయేది చేతిలో రొక్కం లేకే.

ఉంది అంటే, మీ వైపే మొగ్గుతాను, వంటింటికి ఇప్పటికి నాలుగు స్టీలు ర్యాకులు కొనివ్వండి. మీ ఈఎంఐ సుమారు 26,035 రూపాయలు. మొదటి నెలలో అందులో 21,250 వడ్డీకే పోయింది, అసలులోకి వెళ్లింది ఐదు వేల లోపే. తొలి ఏళ్లలో కట్టే అదనపు డబ్బుకు అంత విలువ ఉండేది అందుకే. లక్ష ఇప్పుడు కడితే, ఈఎంఐ మార్చకుండా ఉంచితే, చివర్లో సుమారు 19 నెలల వాయిదాలు తప్పుతాయి. మీది ఫ్లోటింగ్ వడ్డీ (మధ్యలో పెరుగుతూ తగ్గుతూ ఉండేది) అయితే, ముందుగా కట్టినందుకు బ్యాంకు జరిమానా వేయకూడదు, అది రిజర్వు బ్యాంకు నియమం. కాకపోతే బ్యాంకులో ఏమీ చెప్పకుండా కడితే కొన్నిసార్లు గడువు అలాగే ఉంచి ఈఎంఐ తగ్గిస్తారు. దరఖాస్తులో "ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గించండి" అని రాసి ఇచ్చి, కొత్త వాయిదాల షెడ్యూలు ప్రింటు అక్కడే తీసుకుని, ఇంటికొచ్చాక మీ ఆవిడకు కూడా చూపించండి.